అక్కయ్య తిప్పిన కార్డు

ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పద్మావతి. మా వీధిలో జాకెట్లు కుట్టేది. కుట్టిన జాకెట్టు ఇవ్వడానికొచ్చి, లోపలికి రాకుండానే గుమ్మంలోంచి కేకేసింది.

"ఏవండోయ్, టీవీ వాళ్ళు రాజమండ్రి వస్తున్నారంట! తోడికోడళ్ళ ఆటంట! హీరోయిన్ని కూడా తీసుకొస్తారంట!"

పద్మావతి తప్పేమీ లేదు. ఆ రోజు ఆవిడ ముఖం ఎంత వెలిగిపోయిందో ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంది. కానీ ఆ కబురుతో మొదలైన బరువొకటి ఇన్నేళ్ళుగా నా గుండెల మీదే ఉంది. దించుకోలేదు. ఎవరికీ చూపించలేదు. పూజలో కూర్చున్నప్పుడు కూడా దాని మీద కొంగు కప్పుకునే కూర్చున్నాను. దేవుడికి కనిపించదనుకున్నానా? కనిపిస్తుందని తెలుసు. తెలిసే కప్పుకున్నాను.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు రాయడం లేదు. నా పిల్లలు వాళ్ళ పెద్దమ్మని తలుచుకుని ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటారు. వాళ్ళకి ఈ సంగతి తెలియకూడదని కాదు. నా నోటితో చెప్పే ధైర్యం లేక.

మా అత్తవారిది కడియం పక్కన ఒక ఊరు. మొక్కల నర్సరీ. నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడి కాలవకి అవతల ఉండేది, పడవలో దాటాలి. అమ్మ పోయాక నాన్నగారు నన్ను ఆ పడవ ఎక్కించడానికి భయపడ్డారు. "నీకు బడీ నేనే, పంతులూ నేనేనమ్మా" అన్నారు. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని దిద్దించేవారు. ఏ రోజూ విసుక్కోలేదు. పుస్తకం చేతికిచ్చి చదివించి, నేను తప్పు చదివితే "మళ్ళీ" అనేవారు. అంతే. ఆ "మళ్ళీ"లో కోపం ఉండేది కాదు. దండం పెట్టుకోవడం కూడా ఆయనే నేర్పారు. దేవుణ్ణి ఏదైనా అడిగే ముందు, అప్పటిదాకా ఇచ్చినదానికి కృతజ్ఞత చెప్పుకోవాలన్నారు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. పొద్దున్న లేవగానే ఒక్కొక్కరినీ తలుచుకుంటాను. ఒకప్పుడు ఆ తలపుల్లో అందరికంటే ముందు వచ్చేది మాణిక్యం అక్కయ్య.

మా అత్తగారింట్లో పెద్దకోడలు మాణిక్యం. నేను చిన్నకోడల్ని. నేను అక్కయ్యా అనేదాన్ని. ఆవిడ నన్ను "ఏమే పిల్లా" అనేది. కాపురానికొచ్చిన మొదటి ఏడాదే నాకు టైఫాయిడ్ వచ్చింది. మంచం మీంచి లేవలేకపోయాను. జావ కాచి చెంచాతో నోట్లో పోసింది. దుప్పట్లు ఉతికింది. జ్వరానికి నా జుట్టంతా ఉండకట్టుకుపోతే, "కత్తిరించెయ్యండి, మళ్ళీ వస్తుంది" అన్నారు అత్తయ్యగారు. అక్కయ్య ఒప్పుకోలేదు. కొబ్బరినూనె రాసి, రోజూ కాస్త కాస్తగా, పాయ తర్వాత పాయ విడదీసింది. ఒక్క వెంట్రుక లాగి నొప్పి పెట్టలేదు. నాకు తల్లి లేని లోటు అప్పుడు తీరింది. అది చెప్పకుండా తర్వాతది చెబితే నేను చేసింది ఎంత తప్పో మీకు తెలియదు.

జ్వరం తగ్గాక ఒక మధ్యాహ్నం, వాళ్ళ అన్నయ్య దగ్గర్నుంచి వచ్చిన పోస్టుకార్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "చదివి చెప్పవే" అంది. నేను చదివాను. విని, "నాకు చదవడం రాదే" అంది. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న, పిల్ల అయిదో తరగతి చదివిందని చెప్పేశాడట. పెళ్ళిలోగా తన పేరు రాయడం నేర్చుకుందట, ముగ్గు నేర్చుకున్నట్టు. బావగారికీ తెలియదు, అత్తయ్యగారికీ తెలియదు. "నీకొక్కదానికే చెప్పాను" అంది. అంది అని రాయడం తేలిక. ఆ మాట అన్నప్పుడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఎలా రాయను?

మా వైపు నోముకైనా, శ్రావణ శుక్రవారానికైనా, పూజ అయ్యాక కథ చదవాలి. ఆడవాళ్ళంతా కుడిచేతి గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చుంటారు. ఒకరు పుస్తకం చూసి చదువుతారు. కథ అయ్యాక ఆ అక్షింతలు కొన్ని అమ్మవారి మీద వేసి, కొన్ని తలమీద వేసుకుంటారు. మా వీధిలో ఆ చదివే మనిషి అక్కయ్య. అవును, చదవడం రాని అక్కయ్యే. నేను రాకముందు ఆవిడకి, వాళ్ళమ్మ దగ్గర విని పట్టిన కథ ఒక్కటే వచ్చు. అదే పుస్తకం చేతిలో పట్టుకుని చెప్పేది. నేను వచ్చాక అన్నీ వచ్చాయి. ఆవిడ పప్పు రుబ్బుతుంటే నేను పక్కన పీట వేసుకుని చదివేదాన్ని. మొదటిసారి ఊరికే వినేది. రెండోసారి నాతోపాటు పెదవులు కదిపేది. ఆ తర్వాత చేతులు కడుక్కుని పుస్తకం తను తీసుకునేది.

"పేజీ ఏ మాట దగ్గర తిప్పాలే?"

మాట చెబితే చాలు. మళ్ళీ అడిగేది కాదు.

మర్నాడు ఎవరింటి వాకిట్లోనో కూర్చుని ఆవిడ ఆ కథ చెబుతుంటే, కాలవకి నీళ్ళు వదిలిన రోజు చప్పుడులా ఉండేది ఆ గొంతు. ఏడ్చే చోట ఆడవాళ్ళు ఏడ్చేవారు. నేను కూడా ఏడ్చేదాన్ని. మొదట్లో ఆ గొంతు విని. తర్వాత తర్వాత ఎందుకు ఏడ్చానో నాకే తెలియదు. కథ నా కళ్ళలోంచి వెళ్ళింది. మెప్పు ఆవిడకి వచ్చింది. ఇలాంటి లెక్క మనసులో వేసుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాను? నాన్నగారు నేర్పినది ఇది కాదు.

టీవీ వాళ్ళు వచ్చిన ఏడాది శ్రావణమాసంలో తుని నుంచి అత్తయ్యగారి తరపు చుట్టమొకావిడ వచ్చింది. కథ విని, కళ్ళొత్తుకుని, నా వైపు తిరిగింది. "ఏమ్మా, ఇంత బాగా చదివే మనిషి ఇంట్లో ఉందిగా, నువ్వూ కాస్త ఆవిడ దగ్గర కూర్చుని చదవడం నేర్చుకోకూడదూ?"

అక్కయ్య వెంటనే, "అయ్యో, అది నాకంటే బాగా చదువుతుందండీ" అంది.

అందరూ నవ్వారు. పెద్దకోడలి పెద్దమనసు అనుకున్నారు. అక్కయ్య నిజమే చెప్పింది. నిజం చెప్పినా ఆ మెప్పు కూడా ఆవిడకే పోయింది. ఆ నవ్వు నా ఒంట్లో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. తీసుకుని ఉంటే పోయేది. తీసుకోలేదు.

ఆ ముల్లుతోనే నేను రాజమండ్రి వెళ్ళాను.

మొక్కలు వేసుకెళ్ళే మా వ్యానులో వీధి ఆడవాళ్ళంతా ఎక్కాం. పట్టుచీరలు నలగకుండా కింద గోనెలు పరిచాం. పద్మావతి దారి పొడుగునా, "పెద్దమ్మగారూ, హీరోయిన్ ముట్టుకుంటే చెయ్యి కడుక్కోకండేం!" అని అక్కయ్యని ఏడిపిస్తూనే ఉంది. అక్కయ్య ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. చిన్నపిల్లలా ఉంది. జోడీగా మా ఇద్దరి పేర్లూ ఇచ్చింది పద్మావతే. ఆ ఊళ్ళో మేమిద్దరం కలిసి ఉన్నట్టు ఏ తోడికోడళ్ళూ లేరని అందరి నమ్మకం. అది నిజమే. అప్పటికి నిజమే.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. ఒకప్పుడు పెద్ద పేరున్న హీరోయిన్ ఆవిడ. పేరు రాయను. ఆవిడ తప్పు లేదు. వేరే రాష్ట్రం మనిషి. మైకు తీసుకుని, "నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం మాత్రం రాదండీ" అని నవ్వింది. హాలంతా చప్పట్లు. "ఎంత ముద్దుగా చెప్పిందో చూడండి" అంది పద్మావతి.

ఆట ఏమిటంటే, జోడీలో ఒకరు కార్డు మీద ఉన్నది పైకి చదవాలి. హీరోయిన్ గారు విని దాన్ని అభినయించాలి. రెండో ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏమీ వినకుండా, ఆ అభినయం చూసి కార్డు మీద ఏముందో చెప్పాలి. ఇదంతా స్టేజి పక్కన మెడలో కార్డు వేలాడేసుకున్న ఒకమ్మాయి నాకు చెప్పింది. అక్కయ్యకి అవతల పౌడరు అద్దుతున్నారు. పాటల హోరులో ఆవిడకి మా మాటలు వినబడవు.

"మీ ఇద్దరిలో చదివేదెవరండీ?"

"మా అక్కయ్య చదువుతారండి."

"గడగడా చదవాలండీ. ఆగిపోతే మేడమ్‌కి అర్థం కాదు. ఆవిడ బాగా చదువుతారా?"

"మా ఊళ్ళో కథలన్నీ ఆవిడే చదువుతారండి."

చూశారా? నేనన్న ప్రతి మాటా ఊరంతా నమ్మిన మాటే. నన్నెవరూ అబద్ధమాడావనలేరు. అలా చూసుకునే అన్నాను.

ఏం కోరుకుని అన్నాను? ఇన్నేళ్ళూ నన్ను నేను ఇదే అడిగాను. ఆవిడ పరువు పోవాలనా? కాదు. ఒట్టు, కాదు. కళ్ళజోడు తేలేదనో, తల తిరుగుతోందనో అని, అందరి ముందూ ఆ కార్డు నా చేతికిస్తుందనుకున్నాను. "మా చెల్లెలు చదువుతుందండీ" అంటుందనుకున్నాను. ఒక్కసారి, మైకులో, అందరూ వినేలా. అది వినాలనిపించింది. అంత చిన్న కోరిక. ఇలా రాసుకుంటే ఎంత చిన్నగా కనిపిస్తోందో. కానీ చదవడం రాని మనిషి చేతికి వెయ్యిమంది ముందు కార్డు ఇప్పిస్తే ఏమవుతుందో నాకు తెలియదా? ఆవిడ ఒకప్పుడు పట్టుకున్న నా చెయ్యి అప్పుడు ఎక్కడుంది?

నన్ను స్టేజికి ఈ చివర నిలబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టారు. చెవుల్లో పాట హోరు. అక్కయ్యని ఆ చివర నిలబెట్టారు. కార్డు చేతికిచ్చారు. కార్డు నా చేతికి ఇవ్వడానికి అక్కయ్యకి ఇక దారి లేదని అప్పుడు గాని నాకు తట్టలేదు. మధ్యలో కెమెరాలున్నాయి. నా చెవులు మూసి ఉన్నాయి.

అక్కయ్య కార్డు చూసింది. నన్ను చూసింది.

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. భయపడితే కొందరు నవ్వుతారంటారు. నేనలా నవ్వానని అనుకోవాలని నాకుంది.

అప్పుడైనా హెడ్‌ఫోన్స్ తీసేసి, "మా అక్కయ్యకి ఒంట్లో బాగాలేదండీ, నేను చదువుతాను" అనవచ్చు. చెయ్యి ఎత్తితే చాలు. ఎత్తలేదు.

అక్కయ్య పెదవులు కదలడం మొదలైంది. హమ్మయ్య, ఏదో చెప్పి తప్పించుకుంటోంది అనుకున్నాను. కానీ పెదవులు ఆగడం లేదు. చదువుతోంది. ఏం చదువుతోంది? నాకు ఒక్క మాటా వినబడటం లేదు. ఇంతలో జనంలో మా వీధి వాళ్ళ వైపు చూశాను. పద్మావతి, ఆవిడ పక్కనావిడ, ఆ పక్కనావిడ, ముగ్గురూ కుడిచెయ్యి గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. గుప్పిట్లో అక్షింతలు లేవు. తెలియకుండానే మూశారు. అప్పుడర్థమైంది. అక్కయ్య శ్రావణ శుక్రవారం కథ చెబుతోంది. ఆ భయంలో ఆవిడ నోటికి దొరికింది అదే. ఆవిడ చేతిలో ఏదైనా పట్టుకుని చదివింది జీవితంలో ఆ పూజ కథలే కదా.

ఆ తర్వాత, ఆవిడ కార్డు తిప్పింది.

వినబడకపోయినా ఎక్కడ తిప్పిందో నాకు తెలుసు. కథలో పట్నం వర్ణన అయిపోయి, ఆ ఇల్లాలి మాట మొదలయ్యే చోట. పుస్తకంలో మొదటి పేజీ అక్కడే అయిపోతుంది. నేనే చెప్పాను ఆవిడకి ఆ చోటు. కార్డు వెనక ఏమీ లేదు. తెల్లగా ఉంది. ఆవిడ ఆ తెల్లటి వైపు చూస్తూ చదువుతూనే ఉంది.

హీరోయిన్ గారు దగ్గరికొచ్చి, కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. యాంకరమ్మాయి పొట్ట పట్టుకుని వంగిపోయింది. ముందువరుసల వాళ్ళంతా ఊగిపోతున్నారు. అక్కయ్యతో ఏదో అన్నారు. అక్కయ్య పెదవులు ఆగాయి. అక్కయ్య మళ్ళీ నా వైపు చూసింది. నా చెవుల్లో ఇంకా పాటే ఉంది. ఎవరో వచ్చి హెడ్‌ఫోన్స్ తీశాక హాల్లో నవ్వంతా ఒక్కసారిగా మీద పడింది.

హీరోయిన్ గారు అక్కయ్యని కావలించుకున్నారు. ఆవిడ మంచి మనిషే. ఆవిడ చదవడం రాదన్నప్పుడు చప్పట్లు కొట్టిన వాళ్ళే అక్కయ్యకి రాదన్నప్పుడు నవ్వారు. దానికి ఆవిడ ఏం చేస్తారు?

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఎవరూ హీరోయిన్ ఊసెత్తలేదు. పద్మావతి కూడా. అక్కయ్య వెనకమూల, నా పక్కనే కూర్చుంది. కాలవ వంతెన దాటాక, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"చదివేది నేనని వాళ్ళకెవరు చెప్పారే?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాళ్ళే అనుకున్నారక్కయ్యా. పెద్దకోడలు చదవాలని ముందే రాసుకున్నారంట."

"అలాగా" అంది.

మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వెళితే, "కాఫీ కలిపాను, తాగండి" అంది. ఎవరితో అంటోందా అని వెనక్కి చూశాను. నాతోనే. ఏమే పిల్లా అనే మనిషి నన్ను మీరు అంది. ఆ రోజంతా మీరనే అంది. సిగ్గుతో ముడుచుకుపోయింది పాపం, నాలుగు రోజుల్లో మామూలవుతుంది అనుకున్నాను. కాలేదు.

కొన్ని వారాలకి ఆ ఆట టీవీలో వచ్చింది. వీధి వీధంతా మా ఇంట్లోనే. రావద్దని ఎలా అంటాం? అక్కయ్య ఎక్కడికీ పోలేదు. అందరికీ మంచినీళ్ళిచ్చి, గోడకానుకుని కూర్చుంది. నేను పక్కన.

ఆ రోజు కళ్ళతో చూసినదాన్ని ఇప్పుడు చెవులతో విన్నాను. అక్కయ్య గొంతు, మొదట వణుకుతూ, తర్వాత తేరుకుని. దాని వెనక టీవీ వాళ్ళు కలిపిన వెకిలి చప్పుళ్ళు. "అమ్మా, ఇది భక్తి కార్యక్రమం కాదండీ!" అంది యాంకరమ్మాయి. కార్డు తిప్పిన చోట ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వేశారు. "వెనక ఏమీ లేదు కదమ్మా! మీకు చదవటం రాదా? నాకూ రాదు!" అన్నారు హీరోయిన్ గారు. నవ్వులు. అప్పుడు యాంకరమ్మాయి అంది: "మరి మీ చెల్లెలుగారే చెప్పారంట కదండీ, చదివేది మీరేనని, ఊళ్ళో కథలన్నీ మీరే చదువుతారని!"

టీవీలో అక్కయ్య నా వైపు తిరిగింది. టీవీలో నేను, చెవులు మూసుకుని, నవ్వు ముఖంతో నిలబడి ఉన్నాను.

వ్యానులో ఆవిడ అడిగేటప్పటికే ఆవిడకి తెలుసు. నా నోటితో వినాలని అడిగింది. ఒక్క మాట, "నేనే అక్కయ్యా, తప్పయిపోయింది" అంటే, ఆవిడ ఏమనేది? కొట్టేదేమో. తర్వాత మళ్ళీ ఏమే పిల్లా అనేదేమో. నాకు తెలియదు. నేను తెలియనివ్వలేదు.

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "చిన్నమ్మగారు మెచ్చుకుని చెప్పారు పాపం, తెలీక" అంది పద్మావతి.

అక్కయ్య అంది: "అవునండీ. ఆవిడకేం తెలుసు? నేనెప్పుడూ చెప్పలేదు."

అందరి ముందూ నన్ను కాపాడింది. చెయ్యి పట్టుకుని చెప్పిన మాటనే, చెప్పలేదంది. నేను తల వంచుకుని, ఆ కాపాడటాన్ని తీసుకున్నాను. ఆ రోజు నుంచి నేను దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేటప్పుడు అక్కయ్య పేరు నోటికి రాదు. ఏ నోటితో అనను?

తర్వాత జరిగింది చెప్పాలి. బావగారు పదిమందిలో, "మా ఆవిడ తెల్లకాయితం కూడా చదివేస్తుందండోయ్" అని హాస్యమాడేవారు. హాస్యమే. ప్రతిసారీ అదే హాస్యం. అది ఆవిడ భరించేది. అత్తయ్యగారన్న మాటే భరించలేకపోయింది. "పుస్తకం చూడకుండా చెప్పిన కథకి ఫలమేముంటుందే? ఇన్నేళ్ళు ఇంతమంది చేత ఒట్టి నోములు నోయించావా?" అన్నారు. ఆ మాట గోడ దాటింది. పద్మావతి కూతురికి ఆ ముందటేడు కడుపు నిలవలేదు. వాళ్ళింట్లో నోముకి కథ చదివింది అక్కయ్యే. కుళాయి దగ్గర, "అందుకేనేమో" అంది పద్మావతి. గట్టిగా కూడా అనలేదు. పక్క బిందె దగ్గర అక్కయ్య ఉంది.

ఆ తర్వాత అక్కయ్య ఎవరింటికీ కథకి వెళ్ళలేదు. మా ఇంట్లో పూజ అయినా, కథ వేళకి పెరట్లోకి పోయేది, మొక్కలకి నీళ్ళు పెట్టాలని. వర్షం పడుతున్నా సరే.

కథ చదివే పీట నాకొచ్చింది. కోరుకున్నదే కదా. పుస్తకం చూసి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాను. అక్షింతలు పట్టుకుని కూర్చున్న వాళ్ళు విన్నారు. ఎవరూ ఏడవలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే పైన రాసిందంతా సగమే. రాయకుండా ముగిద్దామని చాలాసేపు చూశాను.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, చదవడం రాదని చెప్పిన కొన్నాళ్ళకే, అక్కయ్య నన్నడిగింది. "నాకూ అక్షరాలు నేర్పవే" అంది. ముగ్గుపిండి చేతిలో ఉంది. వాకిట్లో కూర్చుని, "ఇక్కడ రాసి చూపించు, ముగ్గులా పట్టేస్తాను" అంది. ఒక్క అక్షరం రాసి చూపించాను. మొదటి ప్రయత్నంలోనే దిద్దింది. నాకంటే గుండ్రంగా. ఆ అక్షరం చూసి నాకు సంతోషం కలగలేదు. ఏదో దిగులేసింది. ఇవన్నీ వచ్చేస్తే ఇక నాతో ఆవిడకి పనేముంటుందనిపించింది. "ఇప్పుడెందుకక్కయ్యా, నేనున్నానుగా" అన్నాను. ఇంకోసారి అడిగింది. "పిల్లలు కాస్త పెద్దవాళ్ళు కానీ అక్కయ్యా" అన్నాను. మరోసారి అడిగింది. నవ్వేశాను. ఆ తర్వాత అడగలేదు.

నాన్నగారు నా వేలు పట్టుకుని ఇచ్చింది నేను ఇంకొకరికి ఇవ్వలేదు. అదొక్కటి ఇచ్చి ఉంటే స్టేజి మీద ఆవిడ ఆ కార్డు చదివేసి నవ్వుకుంటూ దిగేది. టీవీ వాళ్ళ ముందు నేను చేసింది ఒక్క నిమిషం తప్పు. ఇది ఏళ్ళ తరబడి, రోజూ, నవ్వు ముఖంతో చేసిన తప్పు. ఏది పెద్దదో మీరు చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.

తర్వాత వేరు పడ్డాం. మేము రాజమండ్రి వచ్చేశాం. అక్కయ్యకి షుగరు ముదిరి, మూత్రపిండాలు పాడై, ఇక్కడే ఆసుపత్రిలో చేర్చారు. అన్నం వండుకుని తీసుకెళ్ళేదాన్ని. చిక్కులు పడిన ఆ జుట్టుకి నూనె రాయబోతే, "మీకెందుకండీ శ్రమ" అనేది. ఒక సాయంత్రం మేమిద్దరమే ఉన్నాం. చెప్పేద్దామని నోరు తెరిచాను. "అక్కయ్యా, ఆ రోజు..." అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. కోపం లేదు. ఏదైనా ఉంటే బాగుండేది.

"మీరు బయల్దేరండి. బస్సులు తగ్గిపోతాయి" అంది.

నేను బయల్దేరాను. క్యారేజీ సర్దుకుని, వెళ్ళొస్తానని చెప్పి, బయల్దేరాను. బస్సు కూడా దొరికింది. మర్నాడు నేను వెళ్ళేటప్పటికి మంచం ఖాళీగా ఉంది.

క్షమించమని ఎవరినడగాలి? దేవుణ్ణి అడగవచ్చు. కానీ ఆయన కాదు కదా ఆ స్టేజి మీద నిలబడింది. ఆయన క్షమించాడని నాకు నేను చెప్పుకుని నిద్రపోతే, అక్కయ్యని ఇంకోసారి మోసం చేసినట్టే. అందుకే అడగడం మానేశాను. ఇలా రాయడం వల్ల నాకు ఒరిగేది ఒక్కటే. ఇన్నాళ్ళూ నాతోనే ఉన్న సంగతి ఇప్పుడు ఇంకొకరికి తెలిసింది. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే. అంతకు మించి నాకు రాకూడదు కూడా.

మీలో ఎవరైనా ఆ రోజుల్లో ఆ ఆట టీవీలో చూసి ఉంటారు. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న ఒక పల్లెటూరి ఆవిడ, వెనక ఏమీ లేని కార్డు తిప్పి చదువుతుంటే నవ్వి ఉంటారు. మిమ్మల్ని తప్పుపట్టను. నవ్వొచ్చేలాగే చూపించారు. కానీ ఇంకెప్పుడైనా అది గుర్తొస్తే, ఆవిడకి ఒక పేరుందని కూడా గుర్తు తెచ్చుకోండి. ఆవిడ పేరు మాణిక్యం. అంత భయంలో, అంత నవ్వులో కూడా, ఆవిడ ఆ కథలో ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు. టీవీలో విన్నాను కదా, నాకు తెలుసు. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. మాణిక్యాన్ని గుర్తుపెట్టుకోండి.